బన్యన్ సంఘం తన సభ్యులనే ఎందుకు వెలివేసేది?

మీరు ఒకే ప్రశ్నగా రాసినా అందులో మూడు ప్రశ్నలున్నాయి. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ బోధకుడు జాన్ బన్యన్ జైలు జీవితం గురించి చదువుతుంటే, ఆయన కాపరిగా ఉన్న బెడ్‌ఫోర్డ్ సంఘం తాగినవాళ్లను, పేకాటను చూసీచూడనట్టు వదిలేసినవాళ్లను, భార్యను కొట్టినవాళ్లను వెలివేసిందని కనపడి ఆశ్చర్యపోయానన్నారు. మనస్సాక్షి కోసం జైలుకెళ్లినవాళ్లు తమ సంఘంలో మాత్రం అంత కట్టడి ఎందుకు పెట్టారని మొదటి ప్రశ్న. ఆ తీర్పు చెప్పే అధికారం ఎవరిదని రెండోది. మన ఊళ్లలో కులపెద్దలు వేసే వెలికీ దీనికీ తేడా ఏమిటని మూడోది.

మొదటిదానికి సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ కట్టడి కోసమే వాళ్లు ప్రభుత్వ సంఘం (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) నుంచి విడిపోయారు. బిషప్పులు నచ్చక, అచ్చువేసిన ప్రార్థనల పుస్తకం నచ్చక, పాదిరీల తెల్ల అంగీ నచ్చక వెళ్లిపోయారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అవీ ఉన్నాయి, కాదనను. కానీ రాబర్ట్ బ్రౌన్, హెన్రీ బారో లాంటి తొలితరం వాళ్ల రాతలు తిరగేస్తే అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు వేరు. పారిష్ (ఒక గుడి పరిధిలోని ఊరు) సంఘంలో క్రమశిక్షణ లేదు, క్రమశిక్షణ లేనిచోట క్రీస్తు ఏర్పాటు చేసిన సంఘమే లేదు అన్నది వాళ్ల వాదన.

ఇది అర్థం కావాలంటే అప్పటి ఇంగ్లండ్ సంగతి కొంచెం తెలియాలి. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఒక పారిష్‌లో పుట్టినవాళ్లంతా ఆ పారిష్ సంఘ సభ్యులే. నమ్మకం ఉందా లేదా, నడత ఎలాంటిది అని ఎవరూ అడగరు. చట్టప్రకారం గుడికి రావాలి, ఈస్టర్‌కు ప్రభువు బల్లలో పాలు పుచ్చుకోవాలి. తప్పుచేసినవాణ్ణి దిద్దే పని ఊరి సంఘానిది కాదు, ఊరి పాదిరీదీ కాదు. అది ఆర్చ్‌డీకన్ (బిషప్ కింది అధికారి) కోర్టుదో బిషప్ కోర్టుదో. అక్కడ కూర్చునేది చాలాసార్లు చట్టం చదువుకున్న న్యాయాధికారి. వ్యభిచారం, దశమభాగాల ఎగవేత, వీలునామా తగాదాలు అన్నీ అక్కడికే వెళ్లేవి. జనం వాటికి బూతుకోర్టులని పేరుపెట్టారు. తప్పు రుజువైతే ఆదివారం నాడు తెల్లదుప్పటి కప్పుకుని, చేతిలో కర్ర పట్టుకుని అందరి ముందూ నిలబడాలి. డబ్బున్నవాడికి ఆ అవమానం బదులు సొమ్ము కట్టి బయటపడే దారి ఉండేది. వెలివేతలోనూ అధికభాగం ఘోరపాపాలకు పడినవి కావు. పిలిచిన రోజున కోర్టుకు రానందుకు, ఖర్చులు కట్టనందుకు వేసినవి. అలా వెలిపడినవాడు 40 రోజుల్లోగా లొంగకపోతే పట్టుకుని జైల్లో పెట్టమని రాజుగారి పేరిట రిట్టు తీసుకునే వీలుంది.

మత్తయి సువార్త 18వ అధ్యాయం చదువుకుని ఈ కోర్టుల వంక చూస్తే ఎలా ఉంటుందో ఊహించండి. నీ సహోదరుడు తప్పుచేస్తే ముందు ఒంటరిగా చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని చెప్పు, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెప్పు, సంఘం మాటా వినకపోతే అన్యుడిలా ఎంచుకో అంటుంది ఆ వచనం. ఒంటరిగా నచ్చజెప్పడమూ లేదు, సంఘమూ లేదు, ఉన్నదల్లా గుమాస్తా, ఫీజు, రిట్టు. బ్రౌన్ 1582లో నెదర్లాండ్స్‌లోని మిడిల్‌బర్గ్ నుంచి పుస్తకం అచ్చువేసి, ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా సంస్కరణ మొదలెట్టాలన్నాడు. బారో, అతని సహచరుడు జాన్ గ్రీన్‌వుడ్ 1593 ఏప్రిల్ 6న లండన్‌లో ఉరికంబం ఎక్కారు. ఆ మే నెలాఖరులో వేల్స్‌వాడు జాన్ పెన్రీనీ ఉరితీశారు.

వీళ్లు పెట్టుకున్న సంఘాలు ఎలా ఏర్పడేవో చూస్తే మీ ఆశ్చర్యం సగం తీరుతుంది. హెన్రీ జేకబ్ 1616లో లండన్ పక్కన సదర్క్‌లో సంఘం స్థాపించినప్పుడు, చేరినవాళ్లు చేతులు కలిపి వలయంగా నిలబడి, ఒక్కొక్కరూ తమ విశ్వాసం చెప్పుకుని, దేవుని మార్గాల్లో కలిసి నడుస్తామని నిబంధన చేసుకున్నారు. పుట్టుకతో ఎవరూ సభ్యులు కారు. తనంతట తాను అడగాలి, తన అనుభవం చెప్పుకోవాలి, సభ్యులు ఒప్పుకోవాలి. చేరే రోజునే, నేను దారితప్పితే నన్ను మందలించండి అని ఒప్పుకుని చేరుతున్నాడన్నమాట. బలవంతంగా చేర్చుకునే సంఘాన్ని ఎదిరించడం, ఇష్టపడి చేరిన సంఘంలో గట్టిగా ఉండడం వాళ్ల దృష్టిలో ఒకే సూత్రం నుంచి వచ్చాయి. జైలుకెళ్లింది ఆ సూత్రం కోసమే. వాళ్ల కఠినత్వం నచ్చకపోవచ్చు, నాకూ చాలాచోట్ల నచ్చదు. కానీ మీరు అనుమానించినట్టు అది రెండునాలుకల వ్యవహారం కాదు.

ఇక ఆచరణ. 1641లో పార్లమెంటు పాత కోర్టుల కోరలు పీకేసింది. 1661లో అవి తిరిగొచ్చేదాకా 20 ఏళ్ల సందు దొరికింది. ఆ సందులోనే ఇండిపెండెంట్ సంఘాలు (ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రమనేవి), బాప్టిస్టు సంఘాలు (నమ్మినవాళ్లకే బాప్తిస్మమనేవి) ఊరూరా లేచాయి. అప్పటి ఇంగ్లండ్ పాలకుడు క్రామ్‌వెల్ చనిపోయిన నెల తిరక్కుండానే, 1658 సెప్టెంబర్ 29న నూరుకు పైగా సంఘాల ప్రతినిధులు లండన్‌లోని సవాయ్ మందిరంలో కూడి తమ విశ్వాస ప్రకటన, సంఘ పరిపాలన సూత్రాలు రాసుకున్నారు. దాని ప్రకారం సంఘం చేతిలో ఉన్న శిక్షలు రెండే: మందలింపు, వెలివేత. రహస్యంగా జరిగిన తప్పును అది తెలిసినవాళ్లే ముందు రహస్యంగా చెప్పాలి. అందరికీ తెలిసిన తప్పును అందరి ముందూ చెప్పాలి. వినకపోతే సంఘమంతటి పేరున పెద్దలు మందలించాలి. అదీ పనిచేయకపోతే సంఘం సమ్మతితో వెలివేయాలి. ఈ అధికారం ఏ సంఘానికి ఆ సంఘం సభ్యుల మీదే. సంఘాలన్నీ కూడిన మహాసభలు సలహా ఇవ్వొచ్చు గానీ ఎవరినీ వెలివేయలేవు. కాగితం మీద ఇంత సాఫీగా ఉంది. రెండు మెట్ల మధ్య బల్లకు దూరంగా ఉంచడం అనే మెట్టు కూడా చాలా సంఘాలు వాడుకున్నాయి.

సంఘ పుస్తకాల్లో చూస్తే మాత్రం అసలు కథ మొదలవుతుంది. ప్రతి సంఘం ఒక పుస్తకం పెట్టుకునేది. సభ్యుల పేర్లు, కూటాల్లో తీసుకున్న నిర్ణయాలు, ఎవరి దగ్గరికి ఎవరిని పంపారో, వాళ్లు ఏం జవాబిచ్చారో అందులో రాసేవారు. బెడ్‌ఫోర్డ్ పుస్తకం వాటిలో అందరికీ తెలిసింది. జాన్ గిఫర్డ్ కాపరిగా 1650లో మొదలైన సంఘం అది. ఒకప్పుడు రాజుపక్షాన పోరాడిన సైనికుడు గిఫర్డ్. 1655లో చనిపోతూ రాసిన ఉత్తరంలో, బాప్తిస్మం పద్ధతి, కీర్తనలు పాడడం లాంటి బయటి విషయాల మీద చీలిపోవద్దని సంఘాన్ని వేడుకున్నాడు. సంఘం ఆ మాట నిలబెట్టుకుంది. బాప్తిస్మం గురించి ఎవరి అభిప్రాయం వాళ్లదే, నడత దగ్గర మాత్రం రాజీ లేదు.

1660 నవంబర్‌లో బన్యన్‌ను అరెస్టు చేశారు. 1660ల మధ్యలో కొన్నేళ్లపాటు పుస్తకంలో రాతలే లేవు. నిర్బంధం అంతగా ఉండేది. 1668 ప్రాంతంలో మళ్లీ రాతలు మొదలైనప్పుడు సంఘం చేసిన మొదటి పని, చెల్లాచెదురైనవాళ్లను వెతుక్కుంటూ వెళ్లడం. ఎవరు భయపడి పారిష్ గుడికి వెళ్లారు, ఎవరు కూటాలకు రావడం మానేశారు అని ఇంటింటికీ మనుషులను పంపింది. అలా పంపినవాళ్లలో ఇంకా ఖైదీగానే ఉన్న బన్యన్ పేరూ కనపడుతుంది. జైలరు దయవల్ల అప్పుడప్పుడూ బయటికి రాగలిగేవాడు. రాజు చట్టం ప్రకారం ఖైదులో ఉన్నవాడు, తన సంఘం తరఫున మరొకరిని మందలించడానికి నడిచి వెళ్తున్నాడు. ఆ దశలో ప్రభుత్వ సంఘంలోకి తిరిగి వెళ్లిపోయిన రాబర్ట్ నెల్సన్‌నూ, కోర్టులో తన సంఘాన్ని కాదన్న హంఫ్రీ మెరిల్‌నూ వెలివేశారు. వీటిని తాగుబోతుతనం కేసులతో కలిపి చూడొద్దు. ఇవి నిర్బంధకాలంలో పక్షం మార్చిన కేసులు. ఆ రాతల్లో కోపం బుసకొడుతుంది.

మీరు ప్రస్తావించిన తాగుబోతు బహుశా జాన్ రష్. బన్యన్ కాపరిగా ఉన్న రోజుల నాటి రాత అది. మామూలు తాగుబోతుల లెక్కకు మించి తాగాడనీ, స్వాన్ అనే సత్రం నుంచి ఇంటికి చేర్చడానికి ముగ్గురు మనుషులు కావాల్సివచ్చిందనీ, ఇంటివాళ్లకు అప్పగించేటప్పుడు బతికున్న మనిషిగా చూపించలేకపోయారనీ రాశారు. రాసినాయన వేళాకోళానికి రాశాడో, నిజంగానే గుండెలు బాదుకుంటూ రాశాడో ఎన్నిసార్లు చదివినా తేల్చుకోలేను. అయితే ఒక్కరాత్రి తాగినందుకు నేరుగా వెలి వేయడం ఆ పుస్తకాల్లో మామూలు కాదు. ఎక్కువ కేసులు నెలల తరబడి సాగుతాయి. ఇద్దర్ని పంపుతారు, మెత్తబడలేదని చెబుతారు, మరో ఇద్దర్ని పంపుతారు, కొంచెం కన్నీళ్లు పెట్టుకున్నాడని చెబుతారు, వచ్చే కూటం దాకా చూద్దామంటారు. బయటివాళ్లకు ఉరుములూ మెరుపులూ ఊహకు వస్తాయి గానీ, పుస్తకం తెరిస్తే ఎక్కువగా కనపడేది విసుగు పుట్టించేంత ఓపిక.

వచ్చే కేసుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి అప్పులవి. బెడ్‌ఫోర్డ్‌లోనే ఒకతన్ని, సోదరి వ్యవహారాలు చెడగొట్టి, తీర్చలేనన్ని అప్పులు చేసి, అప్పిచ్చినవాళ్లకు నిజాయితీగా చెల్లించే ప్రయత్నం కూడా చేయనందుకు దూరంగా ఉంచారు. సహోదరుడి మీద కోర్టుకెక్కే ముందు సంఘం ముందు పెట్టుకోవాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం చెబుతుంది కదా, అందుకని వ్యాపార తగాదాలు కూడా సంఘం ముందుకొచ్చేవి. అప్పు పుట్టాలంటే పరువే పూచీకత్తుగా ఉన్న కాలం అది. ఒక సభ్యుడు చేతులెత్తేస్తే ఆ మచ్చ సంఘమంతటికీ అంటుకునేది.

భార్యను కొట్టిన జాన్ స్టాంటన్ కేసు మరో రకం. చిన్నచిన్న కారణాలకు తరచూ కొడుతున్నాడని అతని మీద ఆరోపణ. అప్పటి దేశచట్టం మితంగా కొట్టే మొగుణ్ణి పెద్దగా పట్టించుకునేది కాదు. సంఘం పట్టించుకుంది. అయితే ఈ సంఘాలను స్త్రీల పక్షపాతులుగా చిత్రించడానికి తొందరపడకండి. చాలా సంఘాల పేర్ల పట్టికల్లో ఆడవాళ్లే ఎక్కువ, నిర్ణయాలు తీసుకునే చోట మాత్రం సాధారణంగా మగవాళ్లే మాట్లాడేవారు. ఎల్‌స్టో సంతలో కుర్రవాళ్లతో తిరిగిందని ఒకామెనూ, తల్లిదండ్రులను నోటికొచ్చినట్టు మాట్లాడిందని మరొకామెనూ శిక్షించిన రాతలూ అదే పుస్తకంలో ఉన్నాయి.

ఫెన్‌స్టాంటన్ పుస్తకం హంటింగ్డన్ జిల్లాలోని జనరల్ బాప్టిస్టులది. వీళ్లు ఇండిపెండెంట్లకు వరుసకు దాయాదులు. సంఘాల మధ్య ప్రాంతీయ సభలకు కాస్త ఎక్కువ విలువ ఇస్తారు, సభ్యులు బయటివాళ్లను పెళ్లి చేసుకోవడాన్ని మరింత గట్టిగా అడ్డుకుంటారు. అందులో 1650ల నాటి రాతలు చదవడానికి భలేగా ఉంటాయి. హెన్రీ డెన్, అతని తోటివాళ్లు కూటాలకు రావడం మానేసినవాళ్ల ఊళ్లకు వెళ్లి ఒక్కొక్కరినీ కారణం అడుగుతారు, వాళ్ల జవాబు ఉన్నదున్నట్టు రాస్తారు. లోపలి వెలుగే చాలు, లేఖనాలతో పనిలేదని క్వేకర్ల ధోరణిలో ఎదురు మాట్లాడినవాళ్లున్నారు. వాదన తెగదు. చివరికి వెళ్లొస్తామని లేచి పక్క ఊరికి నడుస్తారు. జాన్ బ్లోస్ అనే బోధకుడి కేసు కూడా అక్కడిదే. సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టుకున్న రోజున ఈయన ఫుట్‌బాల్ ఆటకు వెళ్లాడు. ఆయన్ను బోధించకుండా ఆపారు.

ఇప్పుడు రెండో ప్రశ్న, అధికారం ఎవరిదన్నది. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ఎవరు పాపం చేశారన్న దాని మీద ఈ సంఘాలు అంతగా చీలలేదు. తాళపుచెవులు ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీదే చీలాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌కు పారిపోయిన ఇంగ్లిష్ సంఘం కథ వినండి. కాపరి ఫ్రాన్సిస్ జాన్సన్. లండన్ జైల్లో ఉండగానే థామసిన్ అనే వితంతువును పెళ్లాడాడు. ఆమె మొదటి భర్త వర్తకుడు, ఆమెకు మంచి బట్టలు కట్టుకునే అలవాటు. రవికెలో తిమింగలం ఎముకల పుల్లలు, బెండు మడమల జోళ్లు, గంజిపెట్టిన కాలర్లు. ఫ్రాన్సిస్ తమ్ముడు జార్జ్‌కు ఇది సహించలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఇంటి తగువు సంఘం తగువైంది. చివరికి వెలిపడింది వదిన కాదు, జార్జే! రాజీ చేద్దామని ఇంగ్లండ్ నుంచి వచ్చిన ముసలి తండ్రి జాన్ జాన్సన్‌నూ వెలివేశారు. అన్న కాపరిగా ఉన్న సంఘం తమ్ముణ్ణీ తండ్రినీ వెళ్లగొట్టింది. జార్జ్ 1603లో ఆ గొడవంతా పుస్తకంగా రాసి అచ్చువేయించాడు. ఈ సంఘాలను ఎగతాళి చేయాలనుకున్న ప్రతివాడికీ ఆ తర్వాత అది పనికొచ్చింది. కొన్నేళ్ల తర్వాత కుర్రవాడిగా నెదర్లాండ్స్‌కు వచ్చి, ఆపైన అమెరికాలో ప్లిమత్ గవర్నరైన విలియం బ్రాడ్‌ఫోర్డ్ మాత్రం థామసిన్ మర్యాదస్తురాలనీ, గొడవ పెంచినవాళ్లదే తప్పనీ రాశాడు. అదే సంఘంలో బెత్తం పట్టుకుని కూర్చుని పిల్లల అల్లరిని అదుపులో ఉంచే ముసలి పరిచారకురాలి గురించి కూడా ఆయనే రాశాడు. ఆమె మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు.

ఈ అనుభవం తర్వాతనే ఫ్రాన్సిస్ జాన్సన్ ఆలోచన మారింది. సంఘానికి తెలియజెప్పు అంటే పెద్దలకు తెలియజెప్పమని అర్థం, యూదుల్లో పెద్దల సభ తీర్పు చెప్పినట్టే ఇక్కడా పెద్దలే తీర్పు చెప్పాలన్నాడు. జనం చేతిలో పెడితే ఏమవుతుందో చూసినవాడి మాట అది. సంఘంలో బోధకుడిగా ఉన్న హెన్రీ ఐన్స్‌వర్త్ ఒప్పుకోలేదు. సంఘమంటే నిబంధన చేసుకున్న మనుషులంతా, పెద్దలు నడిపిస్తారు గానీ నిర్ణయం అందరిదీ అన్నాడు. 1610 డిసెంబర్‌లో సంఘం రెండు ముక్కలైంది. మందిరం ఎవరిదన్న తగవు ఆమ్‌స్టర్‌డామ్ కోర్టుకెక్కింది. అది ఐన్స్‌వర్త్ పక్షానికి దక్కింది, జాన్సన్ తనవాళ్లను తీసుకుని జర్మన్ పట్నం ఎమ్‌డెన్‌కు వెళ్లాడు. సహోదరుల మధ్య తగవును లోకపు కోర్టుకు తీసుకెళ్లొద్దన్న వాళ్లే చివరికి కోర్టుమెట్లెక్కారు.

దీనికి కొంత పరిష్కారం 1644లో లండన్‌లో అచ్చయిన జాన్ కాటన్ పుస్తకంలో దొరికింది. బోస్టన్‌లో పాదిరీగా ఉన్న కాటన్ అధికారాన్ని రెండుగా పంచాడు. పెద్దల ఏలుబడి లేకుండా సభ్యులు ఎవరినీ వెలివేయలేరు, సభ్యుల సమ్మతి లేకుండా పెద్దలూ వేయలేరు. దాన్ని ఖండించాలని చదవడం మొదలెట్టిన ఇంగ్లిష్ పాదిరీ జాన్ ఓవెన్ చదివాక తానే ఆ పక్షానికి మారిపోయాడు. తర్వాత సవాయ్ ప్రకటన రాసినవాళ్లలో ముఖ్యుడు ఆయనే. పైన చెప్పిన “సంఘం సమ్మతితో” అన్న మాట వెనుక ఇంత చరిత్ర ఉంది.

మరి సంఘమంతా కలిసి అన్యాయం చేస్తే? ప్రెస్బిటేరియన్లు ఎప్పుడూ పొడిచే ప్రశ్న ఇదే. స్కాట్లండ్‌లో పారిష్ పెద్దల సభ తప్పుచేస్తే పైసభకు, ఆపైన మహాసభకు అప్పీలు చేసుకోవచ్చు. మీకు పైకోర్టేదీ అని వాళ్లు అడిగేవారు. ఇండిపెండెంట్ల దగ్గర దీనికి ఒక ఉదాహరణ ఉంది. రాటర్‌డామ్‌లోని ఇంగ్లిష్ ప్రవాస సంఘం 1630ల చివర్లో జాన్ వార్డ్ అనే తమ బోధకుణ్ణి తొందరపడి పదవి నుంచి తీసేసింది. ఆర్న్‌హెమ్‌లోని సోదర సంఘం ఇది విని, మీరు చేసింది మాకు అభ్యంతరంగా ఉంది, కారణం చెప్పండని మనుషులను పంపింది. రోజుల తరబడి అందరి ముందూ విచారణ జరిగింది, రాటర్‌డామ్‌వాళ్లు తప్పు ఒప్పుకున్నారు, వార్డ్‌ను మళ్లీ పదవిలో పెట్టారు. సంఘాన్ని సంస్కరించడానికి ఇంగ్లండ్ పార్లమెంటు కూర్చిన వెస్ట్‌మినిస్టర్ సభలో మైనారిటీగా నిలిచిన అయిదుగురు (థామస్ గుడ్విన్, ఫిలిప్ నై, సిడ్రాక్ సింప్సన్, జెరెమయా బరోస్, విలియం బ్రిడ్జ్) తమ సంజాయిషీ పుస్తకాన్ని 1644 మొదట్లో బయటపెట్టినప్పుడు దీన్నే సాక్ష్యంగా చూపారు. పైకోర్టు అక్కర్లేదు, తప్పుచేసిన సంఘం వినకపోతే మిగతా సంఘాలు దానితో సహవాసం తెంచుకుంటాయి, ఆ సంగతి అందరికీ చాటుతాయి, అది చాలు అన్నారు.

చాలునా? నా ఉద్దేశంలో అక్కడ పనిచేయడానికి కారణం రెండువైపులా ఉన్నవాళ్లు పాత మిత్రులు కావడం, అందరూ పరాయిదేశంలో బిక్కుబిక్కుమంటూ బతకడం. థామస్ ఎడ్వర్డ్స్ అనే ప్రెస్బిటేరియన్ అదే ఏడాది జవాబు పుస్తకం రాసి ఈ ఉదాహరణనే చీల్చి చెండాడాడు. ఎడ్వర్డ్స్‌ది నోటిదురుసే గానీ, సిగ్గు ఎరిగిన సంఘం మీదే సహవాసం తెంచుకుంటామన్న బెదిరింపు పనిచేస్తుందన్న లోపం ఆ పద్ధతిలో నిజంగానే ఉంది. బోధకుడికి పేరుంది కాబట్టి పక్క సంఘం కదిలింది. ఒక మామూలు సభ్యురాలికి అన్యాయం జరిగితే ఎవరు కదులుతారు?

మీ మూడో ప్రశ్న. మన ఊళ్లలో వెలిపడ్డ ఇంటికి నిప్పూ నీళ్లూ అందవు, చాకలీ మంగలీ రారు, శవం మోయడానికి మనుషులు దొరకరు. పుట్టుకతో వచ్చిన కట్టు అది, బయటికెళ్లి బతికే దారి మూసేస్తుంది. ఇండిపెండెంట్ల వెలివేత పోగొట్టేది సంఘ సభ్యత్వం, బల్ల, నిర్ణయాల్లో పాలు. మసాచుసెట్స్‌లోని వాళ్ల సోదర సంఘాలు 1648లో రాసుకున్న కేంబ్రిడ్జ్ నియమావళి దీన్ని స్పష్టంగా చెప్పింది. వెలి ఆత్మసంబంధమైన శిక్ష, దానివల్ల మనిషి పౌరహక్కులు పోవు, అతను వచ్చి ప్రసంగం వినొచ్చు. సభ్యులు అతనితో కలిసి భోంచేయకూడదు, కానీ భార్యాభర్తల మధ్య, తల్లిదండ్రులూ పిల్లల మధ్య, అవసరమైన లావాదేవీల్లో సంబంధం కొనసాగొచ్చు. జాన్ లాక్ 1689లో సహనం గురించి రాసిన లేఖలో ఇదే మెట్టు మీద నిలబడ్డాడు. సంఘమంటే ఇష్టపడి చేరే సమాజం, దాని నియమాలు మీరినవాణ్ణి బయటికి పంపే హక్కు దానికుంది, అతని ఒంటికీ ఆస్తికీ హాని చేసే హక్కు లేదు అన్నాడు.

తేడా అంత శుభ్రంగా ఉంటుందా అంటే, ఉండదు. చిన్న పట్నంలో మీ ఇరుగుపొరుగు, మీకు అప్పిచ్చేవాడు, మీ కొడుకుకు పని నేర్పే వడ్రంగి అంతా ఒకే సంఘంలో ఉంటే, బల్ల ఒక్కటే పోయిందనుకోవడానికి లేదు. అయినా నడిచి బయటికి వెళ్లిపోయే తలుపు ఒకటుంది. పారిష్ గుడి వెలిపడినవాణ్ణి సంతోషంగా చేర్చుకునేది, క్వేకర్లూ పక్కనే ఉండేవారు.

ఆ తలుపే క్రమంగా ఈ క్రమశిక్షణను పలచన చేసింది. 1689 సహన చట్టం తర్వాత లైసెన్సు తీసుకున్న కూటమందిరాలు పట్నానికి రెండుమూడు లేచాయి. ఇక్కడ మందలిస్తే అక్కడ చేరొచ్చు. అందుకే సంఘాలు బదిలీ ఉత్తరాల విషయంలో పట్టుబట్టేవి. ఏ సంఘం నుంచి వచ్చాడో ఆ సంఘం ఉత్తరం తెస్తేనే చేర్చుకునేవి. తమకు తెలియని కాపరి దగ్గరికి సభ్యులను పంపడానికి ఇష్టపడనివీ ఉన్నాయి. 18వ శతాబ్దం గడిచేకొద్దీ పుస్తకాల్లో శిక్షల రాతలు తగ్గుతాయి, మందిరం మరమ్మతు లెక్కలు పెరుగుతాయి.

దీనికి ఎదురు నడిచింది స్కాట్లండ్‌లో జాన్ గ్లాస్ పెట్టిన సంఘం. డండీ దగ్గర టీలింగ్‌లో పాదిరీగా ఉన్న గ్లాస్‌ను, రాజ్యానికి సంఘం మీద అధికారం లేదన్నందుకు స్కాట్లండ్ సంఘం పదవి నుంచి తీసేసింది. ఆయన అనుచరుల దగ్గర నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి. ఒకరు ఒప్పుకోకపోతే నచ్చజెప్పాలి, అప్పటికీ ఒప్పుకోకపోతే అతన్నే వెలివేయాలి. అధిక సంఖ్యాకుల పెత్తనం వద్దనుకున్నవాళ్లు చివరికి ఒంటరివాడికి మాట లేకుండా చేశారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే భయంగొలిపేది జాన్సన్ కుటుంబం గొడవ కాదు, ఈ ఏకగ్రీవమే. ఆ శాఖ ఇంగ్లండ్‌లోనూ నిలిచింది, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అందులో పెద్దగా ఉండేవాడు. 1844లో ఆయన్నూ వెలివేశారు. కొన్ని వారాల్లో తిరిగి సభ్యుడిగా చేర్చుకున్నారు గానీ, పెద్దరికం మళ్లీ దక్కడానికి 1860 దాకా పట్టింది. అప్పటికి యూరప్ అంతా పేరున్న ఆ మనిషి వేరే సంఘం వెతుక్కోలేదు. వారం వారం వచ్చి మామూలు సభ్యుల మధ్య కూర్చున్నాడు.

మన తెలుగు సంఘాలతో దీనికి సంబంధం ఉందా అని చివర్లో ఒక ముక్క అడిగారు. ఉంది. 1795లో లండన్‌లో ఏర్పడిన మిషనరీ సొసైటీకి వెన్నెముక ఈ ఇండిపెండెంట్ల వారసులే. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ ఆ సొసైటీ మనుషులు. ఆ తర్వాత కడప, గుత్తి ప్రాంతాల్లో సంఘాలు కట్టిందీ అదే. ఫలానా సంఘ పరిపాలనా పద్ధతినే తీసుకెళ్లమని తన మిషనరీలను కట్టడి చేయకూడదని సొసైటీ 1796లోనే తీర్మానించుకుంది. ఏ పద్ధతి కావాలో కొత్తగా నమ్మినవాళ్లే నిర్ణయించుకోవాలన్నది. అయినా మనుషులు తమ అలవాట్లు ఓడరేవులో దింపేసి రారు కదా. మీది ఏ సంఘమో రాయలేదు. బాప్టిస్టు నేపథ్యమైతే నెల్లూరు, ఒంగోలు అమెరికన్ మిషన్ దారి వేరుగా చూడాలి, దాని వేరు కూడా ఇంగ్లండ్ బాప్టిస్టుల దాకా వెళ్తుంది. మీ ఊరి సంఘంలో పాత మినిట్స్ పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే ముందు అది అడిగి చూడండి.